జాడ తీయు జాగిలము



తుపాకి మ్రోగినంతనే మృగము కూలునని అడవి నెఱుగనివారు తలంతురు. అడవి నెఱిగినవా రట్లు తలంపరు. గుండు తగిలిన దుప్పి ఒక్క దూకు దూకి, పొదలలో దూఱి, కంటికి కానరాక పోవును. నేలమీద రెండు మూడు నెత్తుటిబొట్లు, విఱిగిన యొక రెమ్మ, చెదరిన యాకులు, అంతియే మిగులును. అటుపై ఆ మృగ మేమైనది? ఎచ్చట పడినది? ఎంతసేపు బాధపడినది? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవలసిన భారము గాయపఱచినవానిదే యని యెంచి, ఆ భారము నెఱవేర్చుటకు పగ్గముతో నడచు ఒక కుక్కను తీర్చిన దేశములు కలవు. ఆ కుక్క చరిత్రయే నేటి నా ప్రసంగవిషయము.

దీనిపై నాకు మక్కువ కలుగుటకు కారణ మొకటి కలదు. నేను పదేండ్లవాడనై యున్నపుడు, వేటను నిషేధించిన చట్ట మింకను రాకమునుపు, మా యూరి జొన్నచేలపై అడవిపందులు పడెను. మా యూరు కొండయంచున నున్నది. ఒక పెద్దరైతు రాత్రివేళ మంచెమీదనుండి నాటుతుపాకితో కాల్చెను. పంది కీచుమని యఱచి చీకటిలో పరుగెత్తెను. తెల్లవాఱగనే ఊరివారందఱు కఱ్ఱలు పట్టుకొని బయలుదేఱిరి, ఊరికుక్కల నన్నిటిని విడిచిరి. ఒకటి కుందేటివెంట పోయెను, ఒకటి మేకలవెంట పోయెను, తక్కినవి తమలో తాము కఱచుకొనెను. ఉన్న నెత్తుటిజాడ యంతయు మనుష్యుల కాళ్లక్రిందను కుక్కల కాళ్లక్రిందను చెఱిగిపోయెను. నాలవనాడు రాబందులు వ్రాలినచోట పంది కనబడెను. వాగునీటికై అది ప్రాకిన యానవాళ్లు ఇసుకలో నుండెను. మా తాతగారు చూచి యింటికి వచ్చి ఆపూట విస్తరిముందు కూర్చుండలేదు. “నాలుగు దినములు చంపినామురా దానిని” అని మాత్ర మనిరి.

మన వాఙ్మయమున జాడ తీసిన తొలి కుక్క దేవలోకమునకు చెందినది. ఋగ్వేదము పదవ మండలమున సరమా పణి సంవాదము కలదు. పణులు గోవులను దాచిపెట్టగా, సరమ యను ఆడుకుక్క ఇంద్రుని దూతికయై రసానదిని దాటి, ఆ చోటు కనిపెట్టి, పణు లాశపెట్టినను లొంగక నిలిచినది. ఆమె సంతతి గనుకనే కుక్కకు సారమేయ మని పేరు. అమరసింహుడు వేటలో నేర్పరియగు కుక్కకు విశ్వకద్రు వని ప్రత్యేకముగ నొక పేరు చెప్పినాడు. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున వేటకాండ్రును కుక్కలవారును అడవులలో తిరుగుచు కావలి కాయవలె నని విధించినాడు. కల్యాణి చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున వేటప్రకరణము కలదు. మన తెలుగున ధూర్జటి తిన్నని వేటను, పెద్దన స్వరోచి వేటను వర్ణించునపుడు జాగిలములను మఱవలేదు. తెలుగున ‘పసి’ యని యొక చక్కని మాట కలదు. గాలితో వచ్చు జంతువు వాసన యని దాని యర్థము. పసిగట్టుట యను పలుకుబడి దానినుండియే వచ్చినది. ఇపుడు పట్టణవాసులు దానిని రహస్యములు తెలిసికొనుటకే వాడుచున్నారు గాని, అది మొదట కుక్కముక్కునకు చెందిన మాట.

అయినను మన కావ్యములలోని జాగిలములు పగ్గము విడిపించుకొని దూకునవి, మీదబడి పట్టునవి. వాని శౌర్యము వేఱు. నేను చెప్పబోవు కుక్క దూకదు, కఱవదు, మొఱుగదు. ముక్కు నేలకానించి, తోలుపగ్గము చివర మనుష్యుని తోడుకొని, ఎద్దు చాలు పట్టినట్లు ఒక్క జాడనే పట్టి నడచును. ఈ విద్య ఐరోపాఖండమున పెరిగినది.

ఫ్రాన్సు దేశమునకు దక్షిణమున పిరనీసు కొండల చెంత ఫ్వా యను సంస్థానము నేలిన గాస్టన్ ఫీబస్ అను ప్రభువు 1331 లో జన్మించెను. యుద్ధము, ప్రణయము, వేట, ఈ మూడే తన కిష్టములని ఆయన చెప్పుకొనెను. 1387 వ సంవత్సరము మే నెల మొదటి దినమున వేటను గూర్చి గ్రంథరచన కుపక్రమించెను. మృగములు, కుక్కలు, కుక్కల రోగములు, వాని పోషణము, వేటవిధములు అన్నియు అందు కలవు. తుదకు 1391 లో ఎలుగుబంటివేటనుండి మఱలి వచ్చి, భోజనమునకై చేతులు కడుగుకొనుచుండగా కూలి మరణించెను. ఆయన గ్రంథమును ఇంగ్లండులో యార్కు ప్రభువగు ఎడ్వర్డు ఇంగ్లీషున పరివర్తించి, కొంత తాను చేర్చెను. ఆ ఎడ్వర్డు 1415 లో ఆజిన్‌కూరు యుద్ధమున మడిసెను.

ఆ గ్రంథమున లిమియే యను కుక్క వచ్చును. ఇంగ్లీషువారు లైమర్ అనిరి. పగ్గము లేక కట్టు అను నర్థముగల మాటనుండి ఆ పేరు పుట్టినది. అనగా పగ్గపుకుక్క. దాని పని వేట మొదలు కాకమునుపే తీఱవలెను. వేకువజామున వేటగా డొక్కడు కాలినడకను ఆ కుక్కను పట్టుకొని అడవి కేగును. పెద్దకొమ్ముల దుప్పి రాత్రి మేసి యే పొదలో పండుకొన్నదో కుక్క జాడ తీసి చూపును. కుక్క నోరు మెదపరాదు, మెదపిన దుప్పి లేచి పోవును. వేటగాడు గుర్తుగ కొమ్మలు విఱిచి, దుప్పిపెంటికలు తన కొమ్ముబూరలో నింపుకొని, ప్రభువు సభ తీర్చిన చోటికి వచ్చి వాని ముందర పోయును. ప్రభువును పెద్దలును ఆ పెంటికల పరిమాణమును, నిగారింపును పరీక్షించి, ఏ దుప్పిని వేటాడవలెనో నిర్ణయింతురు! కిరీటములు పెట్టుకొనువా రిట్లు పెంటికలపై శాస్త్రచర్చ చేయుట నవ్వు పుట్టించును గాని, మన పశువైద్యులు మాత్రము పేడ చూడక రోగము చెప్పుదురా? విల్లుతో కొట్టగా గాయపడి పోయిన మృగమును కుక్కతో వెదకు విధము కూడ ఆ గ్రంథమున కలదు. నేటి మన కుక్కకు బీజ మచ్చటనే యున్నది.

స్కాట్లండున ఇట్టి కుక్కను మనుష్యులపై ప్రయోగించిరి. రాబర్టు బ్రూసు శత్రువులకు చిక్కక తిరుగుచున్నపుడు వానిపై జాడకుక్కను విడిచిరనియు, ఆతడు ఏటినీటిలో దిగి నడచి జాడ తప్పించెననియు బార్బరు కవి 1375 ప్రాంతమున వ్రాసెను. ఆ కుక్క మునుపు బ్రూసు చేతికూడు తిన్నదే యని కొందఱందురని కూడ ఆ కవి చెప్పెను. సరిహద్దుల పశువులదొంగలను పట్టుటకు ఆ సీమలో కుక్కయు కొమ్ముబూరయు కొని వెంటాడుట ధర్మముగ నంగీకరింపబడి యుండెను.

ఇచ్చట రైతు సంగతి చెప్పక ముందుకు పోరాదు. ప్రభువు కుక్క రొట్టె తినుచుండగా రైతు కుక్క గోళ్లు పోగొట్టుకొనెను. ఇంగ్లండున రాజు అడవుల చెంతనున్న పల్లెలలో కుక్క మృగమువెంట పరుగెత్తకుండ దాని ముందరికాలి మూడు గోళ్లు నఱకుట విధి. నఱకింపనివానికి మూడు షిల్లింగుల దండుగ యనియు, అందుకై ఎద్దును తోలుకొని పోరాదనియు 1217 నాటి అడవిశాసనమున వ్రాసిరి. పోరాదని శాసింపవలసివచ్చెనన్న, అంతకుముందు తోలుకొని పోయిరనియే కదా! జర్మనీ సీమలలో రైతుకుక్క మెడకు కొయ్యమొద్దు కట్టవలెను, మన యూళ్లలో పొగరుగొడ్డునకు గుదికొయ్య కట్టినట్లు. ప్రభువుల దుప్పులు రాత్రులు వచ్చి పైరు మేయును. రైతు కఱ్ఱ యెత్తరాదు. పైపెచ్చు ప్రభువుల కుక్కలను తన యింట మేపవలెను, వేటనాడు పని మానుకొని మృగములను తోలుటకు పోవలెను. 1525 లో జర్మను రైతులు తిరుగబడి మెమ్మింగెను పట్టణమున పండ్రెండు కోరికలు వ్రాసి ప్రకటించినపుడు, నాలవ కోరిక వేటను గూర్చియు చేపలను గూర్చియునైనది. ఆ తిరుగుబాటును ప్రభువులు నెత్తుట ముంచిరి. మృగములు మాత్రము పైరు మేయుచునే యుండెను.

ఆ జర్మను ప్రభువుల కొలువులలోనే పగ్గపుకుక్క పరిపూర్ణత నందెను. వారు దానిని లైట్‌హుండ్ అనిరి. దారి చూపు కుక్క యని మన మనవచ్చును. అడవిలో గుడ్డతెరలు కట్టి మృగములను లోపలికి తోలి చంపు విలాసపువేట అచ్చట ప్రబలెను. తెర కట్టుటకు ముందు మృగ మెచ్చట నున్నదో తెలియవలెను గదా. అది చెప్పునది ఈ కుక్క. హానోవరు రాజుల వేటకొలువున దీనిని నేర్పుటకు పాఠశాలవంటి యొక యేర్పాటు తరతరములుగ సాగెను. 1719 లో ఫ్లెమింగు, 1746 లో డ్యోబెలు రచించిన పెద్ద వేటగ్రంథములలో ఈ కుక్కను నేర్పు విధము విపులముగ నున్నది. ఆ నేర్పులో కీలక మొక్కటే. నూఱు జాడలు కలిసిన నేలపై ఒకే దుప్పి జాడను పట్టుకొని, అంతకంటె క్రొత్తది, కమ్మనిది యడ్డము వచ్చినను దానికి మఱలకుండుట. నేను ముప్పదియేండ్లు పిల్లలకు చదువు చెప్పినవాడను. ఆ నియమము నేర్పుట యెంత కష్టమో నాకు తెలియును.

తరువాత రెండు మార్పులు వచ్చెను. మొదటిది తుపాకి. వెనుకటి వేటలో కుక్కలమంద మృగమును అలసి నిలుచువఱకు తఱుమును, కావున అది వేటకాండ్ర యెదుటనే పడును. తుపాకితో దూరమునుండి కొట్టుట అలవాటైన పిదప గాయపడి తప్పిపోవు మృగములు పెరిగెను. ఆనాటి తుపాకికి ఒకమాఱు కాల్చిన మరల మందు కూరుకొనవలెను; అంతలో దుప్పి కొండ దాటును. రెండవది రాజ్యముల మార్పు. తెరలవేటలు పందొమ్మిదవ శతాబ్దారంభమునకే వెనుకబడెను. దారి చూపు కుక్కకు పని లేకపోయెను. హానోవరు వేటకాండ్రు ఆ కుక్కను వదలుకొనక, తేలికైన వేఱుజాతి వేటకుక్కలతో కలిపి, గాయపడిన మృగము జాడ తీయుటకు మలచిరి. దానిని ష్వైస్‌హుండ్ అందురు. ‘ష్వైస్’ అనగా లోకవ్యవహారమున చెమట. వేటకాండ్ర భాషలో మాత్రము మృగముదేహమునుండి వెడలిన నెత్తురు. నెత్తురను మాట నోటితో పలుకకుండుటకు చెమట యని పిలిచిరేమో యని నాకు తోచును. మనవారు పామును పురుగని పిలువరా?

1848 లో జర్మనీయందంతట విప్లవము చెలరేగెను. పరుల భూమిపై వేటాడు ప్రభువుల హక్కు రద్దయ్యెను. మూడువందల యేండ్ల కసి యంతయు రైతులు దుప్పులపై తీర్చుకొనిరి. పలుచోట్ల దుప్పిజాతి కనుమఱుగు కావచ్చెను. రైతుల తప్పని నేననజాలను. కాని పర్యవసాన మొకటి గమనింపదగినది: మృగము లరుదైన పిదప ఒక్కొక్క మృగమునకు విలువ వచ్చెను, గాయపఱచి పోగొట్టుకొనుట సిగ్గుమాలిన పని యయ్యెను. మఱియు భూములు చిన్నచిన్న వేటసీమలుగ విడిపోవుటచే గాయపడిన దుప్పి గట్టు దాటి పొరుగువాని సీమలో పడును. వెంట పోవచ్చునా, పడిన మృగ మెవ్వరిది యను తగవులు పుట్టెను, ఒడంబడికలు వ్రాసికొనవలసివచ్చెను. గట్టుతగవు లెఱుగని రైతు లే దేశమున నున్నారు?

1866 లో ప్రష్యా హానోవరు రాజ్యమును కలుపుకొనగా ఆ రాజుల కొలువు అంతరించెను. కుక్క అంతరింపలేదు. 1894 లో ఎర్ఫుర్టునందు దాని పోషకులు హిర్ష్‌మన్ అను సంఘమును స్థాపించిరి. దక్షిణపు కొండలలో హానోవరు కుక్క బరువుచే ఎక్కలేకపోవుచుండగా, 1870 తరువాత బవేరియా సీమలో దానిని కొండకుక్కలతో కలిపి తేలికైన జాతి నొకదానిని తీర్చిరి. దానికై 1912 లో మ్యూనిచ్చిలో వేఱుసంఘ మేర్పడెను.

ఇక పని జరుగు తీరు చెప్పెదను. ఇది వినదగినది.

కాల్చినవాడు వెంటనే పరుగెత్తరాదు. ఇది మొదటి నియమము. మృగము నిలిచియుండిన చోటును కొమ్మ విఱిచి గుర్తు పెట్టి, తుపాకి ప్రక్కన పెట్టి కూర్చుండవలెను. వెంట తఱిమిన, గాయపడిన మృగము ప్రాణభయముతో కోసుల దూరము పోవును. తఱుమకున్న దగ్గఱనే పండుకొనును. పిమ్మట ఆ చోటు పరీక్షింతురు. నెత్తురు లేతయెఱుపై నురుగుతో నున్న ఊపిరితిత్తులకు తగిలినది, దుప్పి దగ్గఱనే పడియుండును. నల్లయెఱుపైన కార్జము. పచ్చని మేతరసము కలిసిన కడుపు. అపుడు మూడు నాలుగు గంటలైన నాగవలెను, సాయంకాలమైన తెల్లవాఱువఱకు నాగుటయు కలదు. ఎముకముక్క దొఱకిన కాలు విఱిగినది, అది చాల దూరము పోవును. రాలిన వెండ్రుకల రంగును, పొడవును బట్టి గుండు దేహమున నెచ్చట తగిలినదో చెప్పువారును కలరు.

పిమ్మట కుక్కను తెత్తురు. దాని మెడకు వెడల్పాటి తోలుపట్టెడ, పట్టెడకు పది గజములకు మించిన పొడవుగల తోలుపగ్గము కట్టుదురు. ఈ పట్టెడ కట్టినపుడే జాడపని యని కుక్క నేర్చుకొనును. తక్కినపుడు దానికి వేఱుపట్టెడ. కుక్కవాడు ముందుగ దానిని ఆ చోట పడుకొనబెట్టి, తాను నేల చూచి, తరువాత దానిని పిలిచి వాసన చూపును. అది మెల్లగ బయలుదేఱును. నెత్తుటిబొట్లు నూఱుగజములలోనే నిలిచిపోవచ్చును. మనుష్యుని పని అంతటితో సరి. కుక్క నిలువదు. దుప్పి గిట్టలనడుమ గ్రంథులు కలవు, అడుగడుగున వాని వాసన నేల నంటును. నలిగిన గడ్డి వాసన వేఱు. గాయపడినదాని వాసన మఱియు వేఱని కుక్కవారు నమ్ముదురు. ఇవి యన్నియు కలిసి కుక్కకు ఒక త్రాడువలె కనబడునో యేమో! జర్మనీలో నేడు జరుగు కఠినపరీక్షలలో ఒకటి విన్న మీరు నమ్మజాలరు. పావులీటరు నెత్తురు వేయిగజములకు పైబడిన దూరమున బొట్లుబొట్లుగ చల్లి, ఇరువదిగంటలో నలువదిగంటలో గడచినపిదప కుక్కను తెత్తురు. మధ్యను రాత్రి గడచును, మంచు కురియును, అడవిమృగములు దానిపై నడచును.

కుక్క తప్పిన, కుక్కవాడు తిట్టడు. వెనుకకు మఱలి, తుది గుర్తుకడ మరల మొదలుపెట్టించును. పలుమాఱులు కుక్క సరిగనే పోవుచుండగా మనుష్యుడే తప్పని యెంచి పగ్గము లాగి చెఱచునని అనుభవజ్ఞులు చెప్పుదురు. మృగము పండుకొని లేచిపోయిన చోటు, ఇంకను వెచ్చగా నున్నది, కనబడిన అపుడు మాత్రము పగ్గము విప్పుదురు. అపుడు కుక్కకు నోరు వచ్చును. అది తఱిమి, మృగమును నిలిపి, చుట్టు తిరుగుచు మొఱుగుచుండ, మనుష్యుడు చేరి ఒక్క గుండుతో బాధ తీర్చును.

ఈ పనికి పెద్దజాతి కుక్కయే కావలె నని లేదు. పొట్టికాళ్ల డాక్స్‌హుండ్ అను కుక్క, చూచినవారికి నవ్వు వచ్చునది, నేలకు దగ్గఱగ నుండుటచేతను మొండితనముచేతను ఇందు గొప్పపేరు తెచ్చుకొన్నది. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున దుప్పులవేటలో కుక్కలు నిషిద్ధము. కుక్కలు దుప్పులను తఱిమి చంపునని భయము. పగ్గము విడువని కుక్క తఱుమజాలదు గదా యని కొందఱు అనుమతి పొంది 1970 తరువాత పరీక్షించి చూపిరి. 1978 లో సంఘముగ నేర్పడిరి. 1986 లో రాష్ట్రశాసనము దాని నంగీకరించెను. పగ్గమను ఆ చిన్న తోలుముక్కయే చట్టమును మార్చెను. స్వీడనులో ఎల్కులను, దుప్పులను వేటాడువారికి, గాయపడిన రెండుగంటలలోగ నేర్పరియైన కుక్క ఆ చోటికి చేరునట్టి యేర్పాటు ఉండితీరవలెను. బండి తగిలి గాయముతో అడవిలోనికి పోయిన దుప్పిని వెదకుటకు కూడ అచ్చట పోలీసువారు అర్ధరాత్రి యైనను కుక్కవానిని పిలిపింతురు. గాయపడిన మృగమునకు అనవసరపు బాధ కలుగనీయకుండుట జర్మనీచట్టమున వేటకానికి విధి.

మనదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టముతో వేట నిలిచిపోయినది. అది మంచిదే. ఇపుడు మన యడవిశాఖవారి జాగిలములు పులిచర్మములు, ఎముకలు దాచినవారిని పసిగట్టుచున్నవి. సరమ చేసిన పనియు దొంగసొత్తు వెదకుటయే.

జర్మనీవేటకాండ్ర యాచార మొకటి చెప్పి విరమింతును. మృగము దొఱకిన పిదప దాని నోట పచ్చనిరెమ్మ నొకదానిని పెట్టుదురు. అది దాని తుదిమేత. మఱియొక రెమ్మను దాని నెత్తుట నద్ది కాల్చినవాని కిత్తురు. కాల్చినవాడు దానిని తాను పెట్టుకొనుటకు ముందు ఒకపాయ త్రుంచి కుక్కవాని కీయవలెను. కుక్కవాడు దానిని కుక్క పట్టెడలో దోపును. కుక్క తల విదిలించి దానిని రాల్చివేసి, తన వంతు ముక్కకై కుక్కవాని చేతులవైపు చూచును.